గుహలో ఒక్క ఫొటో.. దాని వెనక నలుగురు! బెలుం చీకట్లో కెమెరా ఎలా పని చేస్తుందో తెలుసా?

బెలుం గుహలకు వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్ గ్యాలరీ చూస్తే దాదాపు ఒకటే సీన్. ముందు ఓ ముఖం తెల్లగా మెరిసిపోతుంటుంది. వెనకాల అంతా నలుపు. కళ్లారా చూసిన అంత పెద్ద హాలు ఫొటోలో మాయం! ఫోన్ ఖరీదైనదే, కెమెరా కూడా బాగానే పని చేస్తుంది. మరి తేడా ఎక్కడ కొట్టింది?

దీనికి సమాధానం ఫోన్‌లో లేదు.. వెలుతురులో ఉంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద గుహల అద్భుతమైన ఫొటోలు చాలావరకు ఒక్కరు తీసినవి కావు. కెమెరా దగ్గర ఒకరు ఉంటే, చీకట్లో లైట్లు పట్టుకుని మరో ముగ్గురో, నలుగురో నిలబడతారు. వాళ్లలో ఎక్కువమంది రూపాయి తీసుకోకుండా పని చేసే వాలంటీర్లే. ఇంతకీ వాళ్లు అక్కడ ఏం చేస్తారు? ఆ ఫొటోలు ఎవరికి పనికొస్తాయి? శంషాబాద్ నుంచి వీకెండ్‌కి బయల్దేరే మనలాంటి వాళ్లు అందులో ఏం నేర్చుకోవచ్చు? ఓసారి చూద్దాం.

శంషాబాద్ కింద గుహలు ఎందుకు లేవు?

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఎటు చూసినా రాతి గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు కనిపిస్తాయి. ఇదంతా గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్ వాననీటికి కరగదు. ఎండకు, వానకు పగులుతుంది, పొరలుగా ఊడుతుంది, గుండ్రంగా అరుగుతుంది. అందుకే ఇక్కడ బండల మధ్య సందులు, రాతి చూరు కింద నీడలు దొరుకుతాయి తప్ప కిలోమీటర్ల పొడవున్న గుహలు దొరకవు.

పెద్ద గుహ కావాలంటే సున్నపురాయి ఉండాలి. మన ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు పరుస్తాం కదా.. అవి సున్నపురాయి జాతివే. షాబాద్ బండ అనగానే చాలామంది శంషాబాద్ పక్కనున్న షాబాద్ మండలం అనుకుంటారు. నిజానికి ఆ పేరు కర్ణాటకలోని కలబురగి జిల్లా షాహాబాద్ నుంచి వచ్చింది.

వాన చినుకు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. అదే సోడాలో ఉండే కార్బానిక్ యాసిడ్. చాలా పలచన. కానీ లక్షల ఏళ్లపాటు ఆ నీళ్లు సున్నపురాయి పగుళ్లలోంచి దిగుతుంటే రాయి మెల్లగా కరుగుతుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. నీళ్లు ఇంకా కిందికి దిగిపోయాక ఆ ఖాళీ మనకు గుహగా మిగులుతుంది.

బెలుం కథ ఏంటి?

శంషాబాద్ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కర్నూలు చేరతాం. అక్కడి నుంచి బెలుం ఇంకో 100 కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్ నుంచి మొత్తం 320 కిలోమీటర్ల దాకా వస్తుంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం.. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా ఇది కర్నూలు జిల్లానే.

పైనుంచి చూస్తే చదునైన నేల. అందులో బావుల్లాంటి మూడు గుంతలు. మధ్య గుంతలోంచి దిగితే లోపల ఇంకో లోకం. గుర్తించిన పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర వరకే సందర్శకులను అనుమతిస్తారు. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ.. ప్రవేశద్వారం నుంచి 46 మీటర్ల కింద. సింహద్వారం, కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ.. ఇవన్నీ లోపలి గదుల పేర్లు.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశారు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వి పాత జంతువుల ఎముకలు బయటికి తీసింది కూడా ఆయనే. ఆ తర్వాత దాదాపు వందేళ్లు బెలుంని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983ల్లో జర్మనీకి చెందిన గుహల అన్వేషకుడు హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం వచ్చి లోపలంతా తిరిగి, కొలిచి, మ్యాప్ గీసింది.

అయినా గుహ బాగుపడలేదు. 1980ల చివరిదాకా చుట్టుపక్కల చెత్త తెచ్చి ఇందులోనే పడేసేవాళ్లు. స్థానికులు కొందరు పట్టుబట్టడంతో పరిస్థితి మారింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతుల్లోకి తీసుకుని దారులు వేసింది, లైట్లు పెట్టింది, గాలి ఆడేందుకు పైనుంచి షాఫ్టులు దించింది. 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు. అంటే ఈ రోజు మనం టికెట్ తీసుకుని హాయిగా నడిచే దారి, ఒకప్పుడు కొందరు మోకాళ్ల మీద పాకుతూ టేపు పట్టి కొలిచిన దారి.

ఫోన్ ఫ్లాష్ ఎందుకు చాలదు?

ఇక అసలు విషయానికొద్దాం. వెలుతురుకి ఓ లెక్కుంది. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. 2 మీటర్ల దూరంలో ఉన్న మీ ఫ్రెండ్ మీద పడే ఫ్లాష్‌తో పోలిస్తే, 20 మీటర్ల అవతలి గోడ మీద పడేది వందో వంతే. అందుకే ముఖం తెల్లబడుతుంది, గోడ నల్లబడుతుంది. ఫోన్ తప్పేం లేదు.

రెండో సమస్య ఆవిరి. గుహలో గాలి నిండా తేమే. దానికి తోడు మన ఊపిరి, చెమట. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటే ఆ సన్నటి తుంపరల మీద పడి నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. ఫొటో నిండా తెల్లటి చుక్కలు. వాటిని చూసి 'ఆత్మలు' అంటూ వైరల్ చేసే వాళ్లూ ఉన్నారు! అవి నీటి తుంపరలు, ధూళి కణాలు.. అంతే.

మూడోది రాయి ఆకారం. ఎదురుగా లైటు కొడితే నీడలుండవు. నీడ లేకపోతే లోతు తెలియదు, పడగలా ఉబ్బిన రాయి కూడా చదునైన గోడలా కనిపిస్తుంది.

ఈ మూడింటికీ మందు ఒక్కటే. లైటుని కెమెరా నుంచి దూరంగా జరపాలి. అక్కడే మనిషి అవసరం పడుతుంది.

నలుగురి పని ఏంటి?

పెద్ద హాలు ఫొటో తీసే బృందంలో మామూలుగా పనులు ఇలా పంచుకుంటారు.

మొదటి మనిషి: కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి షట్టర్ తెరుస్తారు. 10 సెకన్లో, 20 సెకన్లో, ఒక్కోసారి నిమిషం పైనే.

రెండో మనిషి: ఫ్రేమ్ మధ్యలో కదలకుండా నిలబడతారు. అందం కోసం కాదు, కొలత కోసం. పక్కన మనిషి లేకపోతే ఆ స్తంభం 2 అడుగులో, 20 అడుగులో చూసేవాళ్లకు అర్థం కాదు.

మూడో మనిషి: రాయి చాటున దాక్కుని పక్క గోడ మీదికి లైటు కొడతారు. గోడ మీద గరుకుదనం, పొరలు బయటపడేది ఈ పక్క వెలుతురుతోనే.

నాలుగో మనిషి: హాలు చివరికి వెళ్లి వెనక నుంచి వెలిగిస్తారు. అప్పుడే ఆ ఖాళీకి లోతు వస్తుంది.

పెద్ద హాల్లో మాట ప్రతిధ్వనిస్తుంది. 'ఆపు' అన్నారో, 'ఆన్ చెయ్' అన్నారో అర్థం కాదు. అందుకే ముందే విజిల్ సంకేతాలు అనుకుంటారు.. ఒక విజిల్ అంటే వెలిగించు, రెండు అంటే ఆపు, ఇలా. ఓ ఫొటో సరిగ్గా రావడానికి ఒక్కోసారి గంట పడుతుంది. ఆ గంటా నాలుగో మనిషి చీకట్లో, చెమటలో, ఒంటరిగా నిలబడాల్సిందే. ఫొటోలో అతను కనిపించడు. కనిపిస్తే ఫొటో ఫెయిలైనట్టు!

ఇక్కడ ఇంకో విషయం ఉంది. గుహల్లోకి వెళ్లేవాళ్లు కనీసం నలుగురుండాలన్నది పాత నియమం. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు కలిసి సాయం కోసం బయటికి రావాలి. ఫొటోకి కావాల్సిన సంఖ్య, ప్రాణానికి కావాల్సిన సంఖ్య.. రెండూ ఒకటే.

160 ఏళ్ల కిందటే మొదలైంది

నేల కింద ఫొటోలు ఇప్పటివి కావు. 1861లో పారిస్ కింద ఉన్న అస్థికల సొరంగాల్లోకి నాడార్ అనే ఫొటోగ్రాఫర్ బ్యాటరీలు మోసుకెళ్లి విద్యుత్ దీపాలతో ఫొటోలు తీశారు. ఒక్కో ఫొటోకి 18 నిమిషాల దాకా పట్టేది. అంతసేపు కదలకుండా ఎవరుంటారు? అందుకే పనివాళ్ల బట్టలు తొడిగి బొమ్మలను నిలబెట్టారు.

1952లో అమెరికాలోని కార్ల్స్‌బాడ్ గుహలో అయితే ఇంకా పెద్ద ప్రయోగం. అక్కడి 'బిగ్ రూమ్'ని ఒకే ఫొటోలో పట్టడానికి టెక్స్ హెల్మ్ అనే ఫొటోగ్రాఫర్ 2,400 ఫ్లాష్ బల్బులు ఒకేసారి వెలిగించారు.

ఇప్పుడు అంత అవసరం లేదు. సెన్సర్లు మెరుగయ్యాయి, అరచేతిలో పట్టే ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి. కానీ సూత్రం మారలేదు. లైటు కెమెరా దగ్గర కాదు, గుహలో ఉండాలి.

ఫొటో ఎందుకు అంత ముఖ్యం?

లైకుల కోసమే అయితే ఇంత కష్టం దేనికి? మేఘాలయను చూస్తే అర్థమవుతుంది. 1992 నుంచి అక్కడి అన్వేషకులు, విదేశీ వాలంటీర్లు కలిసి ఏటా వానలు లేని నెలల్లో గుహల్లోకి దిగి కొలుస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. ఇప్పటిదాకా 500 కిలోమీటర్లకు పైగా మ్యాపులు గీశారు. 2018లో వెలుగులోకి వచ్చిన క్రెమ్ పురి.. 24 కిలోమీటర్లు దాటిన పొడవుతో ప్రపంచంలోనే అతి పొడవైన ఇసుకరాతి గుహగా పేరు తెచ్చుకుంది.

ఈ పనిలో మ్యాపు ఎంతో, ఫొటో అంతే. మ్యాపు మీద ఓ నంబర్, ఆ నంబర్ దగ్గర తీసిన ఫొటో. ఐదేళ్ల తర్వాత అదే చోట, అదే కోణంలో మళ్లీ తీస్తే ఏం విరిగింది, ఏం మారింది, ఎక్కడ పాచి పట్టింది.. అన్నీ తెలిసిపోతాయి. చెప్పుడు మాట మీద వాదన జరుగుతుంది గానీ, తేదీ ఉన్న ఫొటో మీద జరగదు.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. గుహను పుట్టించే సున్నపురాయే సిమెంట్‌కి ముడిసరుకు, ఇంట్లో పరిచే నాపరాయి కూడా. నంద్యాల జిల్లాలో గుహలున్న ప్రాంతంలోనే క్వారీలు, సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటితో వేలమందికి ఉపాధి ఉంది, అది కాదనలేం. కానీ నేల కింద ఏముందో రికార్డే లేకపోతే, పోయాక పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

వాలంటీర్లు అంటే ఫొటోలే కాదు

కార్ల్స్‌బాడ్‌లో 1980ల చివరి నుంచి ఓ వింత సేవ జరుగుతోంది. సందర్శకుల బట్టల నుంచి రాలే నూలు పోగులు, వెంట్రుకలు, చర్మపు పొట్టు గుహలో పేరుకుపోతాయి. వాలంటీర్లు చిన్న బ్రష్షులు, పట్టకార్లు పట్టుకుని ఆ నూగు ఏరుతారు. కిలోల కొద్దీ చెత్త అలా బయటికి వచ్చింది.

ఇంకో సమస్య లైట్లతో వస్తుంది. ఎండ తగలని చోట మొక్క మొలవదు. కానీ టూరిస్టుల కోసం పెట్టిన లైట్ల పక్కన రాయి మీద ఆకుపచ్చ పాచి పెరుగుతుంది. దాన్ని 'ల్యాంపెన్‌ఫ్లోరా' అంటారు. ఒకసారి పడితే రాయి రంగు చెడుతుంది. ఈసారి ఏ గుహకి వెళ్లినా లైట్ల చుట్టూ ఉన్న రాయిని గమనించండి.

చేత్తో ముట్టుకోవడం కూడా అంతే. పైనుంచి వేలాడే సున్నపు ఊడలు సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయనుకుంటే, మీ జానెడు పొడవుకి రావడానికి రెండు వేల ఏళ్లు. చేతి జిడ్డు అంటితే నీటి చుక్క పట్టు తప్పుతుంది, ఆ చోట పెరుగుదల ఆగుతుంది. సెల్ఫీ కోసం పట్టుకుని లాగితే.. రెండు సెకన్లలో రెండు వేల ఏళ్లు పోయినట్టే.

మీ ఫోన్‌తో ఎలా తీయాలి?

పెద్ద కెమెరా లేదా? ఫర్వాలేదు. ఈ స్టెప్స్ చాలు.

1. ఏసీ కారులోంచి దిగగానే ఫోన్ బయటికి తీయొద్దు. చల్లటి గ్లాసు మీద బయటి తేమ పట్టినట్టే లెన్స్ మీద పొగమంచు కమ్ముతుంది. బెలుం లోపల ఉక్కగా ఉంటుంది. బ్యాగు జిప్ వేసే ఉంచి ఓ 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. లెన్స్ తుడవడానికి శుభ్రమైన మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

2. ఫ్లాష్ ఆఫ్ చేయండి. నైట్ మోడ్ ఆన్ చేసి ఫోన్‌ని కదలకుండా ఆనించండి. చిన్న ట్రైపాడ్ అయితే మేలు. ట్రైపాడ్ వాడాలంటే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. నడిచే దారికి అడ్డంగా మాత్రం పెట్టొద్దు.

3. ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ 200 నుంచి 400 మధ్య, షట్టర్ 10 నుంచి 20 సెకన్లు పెట్టి చూడండి. 3 సెకన్ల టైమర్ పెడితే వేలి కుదుపు తగలదు.

4. టార్చి ఉన్న ఫ్రెండ్‌ని పక్కకి పంపండి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ గోడకి సున్నం వేస్తున్నట్టు టార్చిని మెల్లగా కదపమనండి. ఒకేచోట ఆపితే అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. టార్చిని కెమెరా వైపు తిప్పొద్దు.

5. ఫ్రేమ్‌లో ఓ మనిషి ఉండాలి. కదలొద్దని చెప్పండి. లేత రంగు చొక్కా అయితే చీకట్లో కలిసిపోరు.

6. రంగురంగుల లైట్లున్న చోట కెమెరా అసలు రంగు పట్టుకోలేదు. రాయి నిజమైన రంగు కావాలంటే తెల్లటి టార్చి వెలుగులో దగ్గరి నుంచి ఇంకో ఫొటో తీసుకోండి.

నేర్చుకోవడానికి నేరుగా గుహకే పోనక్కర్లేదు. రాత్రి హాల్లో లైట్లన్నీ ఆపేసి, సోఫా మీద దుప్పటి ముడతలు పడేలా వేసి, పక్క నుంచి టార్చి కొట్టి చూడండి. అదే దుప్పటిని ఎదురు లైటుతో తీసి పోల్చండి. పది నిమిషాల్లో తేడా అర్థమవుతుంది. రాళ్లంటే ఇష్టం ఉంటే, నగరంలో 1996 నుంచి పని చేస్తున్న 'సొసైటీ టు సేవ్ రాక్స్' నిర్వహించే రాక్ వాక్‌లలో గ్రానైట్ బండల మీద వెలుతురు ఆటని గమనించొచ్చు.

విమానంలో వెళ్తున్నారా? ఇది చూసుకోండి

బొర్రా గుహలకు విశాఖ మీదుగా, మేఘాలయకు గువాహటి మీదుగా.. శంషాబాద్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు ఎక్కువే. లైట్లంటే బ్యాటరీలు, బ్యాటరీలంటే సెక్యూరిటీ చెక్.

విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. మామూలుగా 100 వాట్-అవర్ల దాకా ఇబ్బంది ఉండదు. 100 నుంచి 160 మధ్యలో ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క తేలికే.. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అయితే, 20 ఆంపియర్-అవర్లని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు. బ్యాటరీ కొనలకు టేప్ అంటిస్తే ఒకదానికొకటి తగిలి షార్ట్ అవ్వవు. పాత రోజుల్లో గుహల్లో వాడిన కార్బైడ్ దీపం మందు విమానంలోకి ససేమిరా కుదరదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కెంటకీలోని మమత్ కేవ్‌కి వెళ్తే టూర్ అయ్యాక సబ్బునీటి మ్యాట్ మీద నడవమంటారు. కారణం గబ్బిలాలు. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి కనిపించిన 'వైట్ నోస్' అనే ఫంగస్ జబ్బు అక్కడ లక్షలాది గబ్బిలాలను చంపేసింది. బూట్ల మట్టితో ఆ ఫంగస్ ఇంకో గుహకి పాకుతుందని జాగ్రత్త. ఇక్కడ అలాంటి మ్యాట్ లేకపోయినా ఓ గుహ మట్టిని ఇంకో గుహకి మోయకుండా బూట్లు కడుక్కోవడం మంచి అలవాటు. గబ్బిలాలు గుంపుగా వేలాడే చోట మాత్రం ఫ్లాష్ వద్దు, గోల వద్దు.

ఫొటో కంటే ముందు ప్రాణం

2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ సరదాగా వెళ్లారు. వాన పడింది, నీళ్లు దారి మూసేశాయి. అందరూ బయటపడేసరికి జులై 10. వాళ్లను కాపాడిన డైవర్లలో చాలామంది వివిధ దేశాల నుంచి వచ్చిన వాలంటీర్లే. లోపల గాలి సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ థాయ్ మాజీ నేవీ డైవర్ ఒకరు ప్రాణాలు వదిలారు.

బెలుంలో, బొర్రాలో తెరిచి ఉంచిన దారిలో నడిచేవాళ్లకు ఇంత భయం అక్కర్లేదు. ప్రమాదమంతా 'అటు పక్క ఎవరూ తీయని ఫొటో ఉంది' అని కంచె దాటినప్పుడే. లోతైన ఇరుకు చోట్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చు. దానికి రంగు, వాసన ఉండవు. ఊపిరి బరువైనా, తలనొప్పి మొదలైనా వెంటనే వెనక్కి రావాలి. ఎండిన గబ్బిలాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి. ఒక్కొక్కరి దగ్గర మూడు లైట్లు, తలకి హెల్మెట్, బయట ఒకరికి 'ఇన్ని గంటలకు వస్తాం' అన్న కబురు.. ఇవి లేకుండా తెరవని గుహల్లోకి ఎవరూ దిగరు, దిగకూడదు. అనుమతి, అనుభవం ఉన్న బృందం తోడుంటేనే ఆ ఆలోచన.

సో.. ఈసారి బెలుం వెళితే ఫోన్ జేబులోంచి తీసే ముందు ఓ నిమిషం ఆగండి. ఫ్లాష్ ఆపండి, ఓ ఫ్రెండ్‌కి టార్చి ఇచ్చి పక్కకి పంపండి. ఫొటో బాగా వస్తే పోస్ట్ చేసేటప్పుడు లైటు పట్టుకున్న మనిషి పేరు కూడా రాయండి. ఫొటోలో కనిపించనిది అతనొక్కడే!